ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం

సాంఘిక శాస్త్రం భారతదేశంలో ఉన్నత పాఠశాల విద్యార్థులు తప్పనిసరిగా చదివే పాఠ్య విషయాలలో ఒకటి. భూగోళం, చరిత్ర, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం అనే నాలుగింటి నుండి ఏర్చి కూర్చిన పాఠాలు ఇందులో ఉంటాయి. విద్యార్థులు వాడుకలో దీనిని "సోషల్" అని పిలుస్తారు. లెక్కలకు, సైన్సుకు ఇంట్లోను బడిలోను ఉన్న గౌరవం దీనికి లేదన్నది అందరికీ తెలిసినదే. అయినను దీనికొక ప్రత్యేకత కలదు. పదవ తరగతి తరువాత ఎం.పి.సి. గాని బై.పి.సి. గాని తీసుకొనే విద్యార్థికి రాజ్యాంగం, ఎన్నికలు, బడ్జెట్, వలస పాలన వంటివి పాఠంగా చెప్పడం పదవ తరగతితో ముగిసిపోతుంది. అప్పటికి అతనికి పదిహేను, పదహారు ఏండ్లు. ఓటు హక్కు మరో రెండు మూడేండ్లకు వస్తుంది.

ఈ వ్యాసంలో ప్రధానంగా తెలంగాణ రాష్ట్ర పాఠ్య ప్రణాళికను వివరించి, అందుకు ఉదాహరణలను హైదరాబాదు నడిబొడ్డున ఉన్న అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల నుండి తీసుకోవడమైనది. ఈ రెండు పేటలు ఒకదానికొకటి ఆనుకొని ఉన్నాయి. మెట్రో రైలులో వెళ్ళేవారికి రెండింటి నడుమ ఒక్క స్టేషను దూరమే. సాఫ్ట్‌వేర్ శిక్షణ కేంద్రాలకు అమీర్‌పేట తెలుగువారందరికీ సుపరిచితం. అక్కడికి శిక్షణకై వచ్చేవారిలో అధికులు సాంఘిక శాస్త్రాన్ని పదవ తరగతిలోనే వదలి వచ్చినవారు. ఆ శాస్త్రం చెప్పే విషయాలలో చాలా భాగం మాత్రం ఆ వీధులలోనే కనబడుతుంది.

పాఠ్యపుస్తకాలు

రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు గల పాఠశాలలలో రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ తయారుచేసిన పుస్తకాలు వాడతారు. కేంద్రీయ బోర్డు (సి.బి.ఎస్.ఇ.) పాఠశాలలలో జాతీయ సంస్థ అయిన ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలు ఉంటాయి. ఐ.సి.ఎస్.ఇ. పాఠశాలలలో చరిత్ర-పౌరశాస్త్రం ఒక పేపరు, భూగోళం మరొక పేపరు. కనుక ఒకే అపార్టుమెంటులో ఉండే ముగ్గురు పిల్లలు మూడు రకాల "సోషల్" చదువుతుండడం హైదరాబాదులో వింత కాదు.

2010కి ముందు చదువుకున్నవారికి జ్ఞాపకం ఉన్న సాంఘిక శాస్త్రం వేరు. పుస్తకంలో భూగోళం, చరిత్ర, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం వేరువేరు భాగాలుగా ఉండేవి. పాఠం చివర "క్రింది ఖాళీలను పూరింపుము", "జతపరచుము" ఉండేవి. పబ్లిక్ పరీక్షలో రెండు పేపర్లు, ప్రతి పేపరుతోను ఒక బిట్ పేపరు. రాజుల పేర్లు, యుద్ధాల సంవత్సరాలు, పంటలు-రాష్ట్రాలు వల్లె వేయడమే చదువు అన్న అభిప్రాయం ఆ రోజులలో ఏర్పడినదే.

2005 నాటి జాతీయ పాఠ్య ప్రణాళికా చట్రం ఈ పద్ధతిని తప్పుపట్టింది. విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఆ రెండింటి వెలుగులో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ 2011లో తన సొంత రాష్ట్ర ప్రణాళికా చట్రాన్ని రూపొందించుకొని, కొత్త పుస్తకాలను విడతలుగా ప్రవేశపెట్టింది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పుస్తకాలు 2013-14లోను, పదవ తరగతి పుస్తకం 2014-15లోను వచ్చాయి. సాంఘిక శాస్త్ర పుస్తకాల రూపకల్పనలో మన ఉపాధ్యాయులతో పాటు మధ్య ప్రదేశ్‌కు చెందిన ఏకలవ్య సంస్థవారు కూడ పాలుపంచుకొన్నారు. ఆ సంస్థ అంతకుముందే హోషంగాబాదు ప్రాంతపు బడులలో సాంఘిక శాస్త్ర బోధనపై ప్రయోగాలు చేసి ఉన్నది. పదవ తరగతి పుస్తకం వాడుకలోకి వచ్చేసరికి రాష్ట్రం రెండుగా విడిపోయింది. రెండు రాష్ట్రాలూ కొంతకాలం దాదాపు ఒకే పుస్తకాన్ని వేరువేరు అట్టలతో వాడుకొన్నాయి. తరువాత ఆంధ్ర ప్రదేశ్ క్రమంగా ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠాల వైపు మళ్ళింది.

కొత్త పుస్తకాలలో శాస్త్రాల మధ్య గోడలు తీసివేయబడినవి. ఉదాహరణకు పదవ తరగతి పుస్తకం రెండు భాగాలు: "వనరుల అభివృద్ధి, సమానత" మొదటిది, "సమకాలీన ప్రపంచం, భారతదేశం" రెండవది. మొదటి భాగంలో నదులు, శీతోష్ణస్థితి పక్కనే ఉత్పత్తి-ఉపాధి, వలసలు, ఆహార భద్రత ఉంటాయి. రెండవ భాగం ప్రపంచ యుద్ధాలతో మొదలై, స్వాతంత్ర్యం, రాజ్యాంగ నిర్మాణం మీదుగా సమకాలీన సామాజిక ఉద్యమాల వరకు వస్తుంది. తొమ్మిదవ తరగతిలో భూమి, దాని ఆవరణాలు, వ్యవసాయం, పరిశ్రమలు, సేవలు, ధరలు, ప్రభుత్వ బడ్జెట్, యూరప్ విప్లవాలు, వలసవాదం, మానవ హక్కులు ఉంటాయి. ట్రాఫిక్ విద్య అనే పాఠం కూడ ఉన్నది. పంజాగుట్ట కూడలి దాటి బడికి వెళ్ళే పిల్లలకు అది ఉత్త పాఠమని చెప్పలేము.

పటం, ఎండ, వాన

భూగోళంలో మొదట వచ్చేవి అక్షాంశాలు, రేఖాంశాలు. వీటిని ఊహారేఖలని బట్టీ పట్టి వదిలివేయడం మామూలు. కాని చిన్న లెక్కతో వీటిని కళ్ళ ఎదుటకు తేవచ్చును. భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అమీర్‌పేట సుమారు 78.45 డిగ్రీల వద్ద ఉన్నది. తేడా 4 డిగ్రీలకు కొద్దిగా పైన. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కనుక, గడియారంలో పన్నెండు కొట్టిన దాదాపు 16 నిమిషాలకు గాని అమీర్‌పేటలో సగటున అసలు మధ్యాహ్నం కాదు. (రోజును బట్టి ఇందులో కొన్ని నిమిషాలు అటూ ఇటూ అవుతాయి.)

అక్షాంశం సంగతి ఇంకా సులువు. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై, అనగా కర్కట రేఖకు దక్షిణంగా ఉన్నందున, సూర్యుడు సంవత్సరానికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి. ఆ వేళకు నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. మేలో బడులకు సెలవులు. ఆగస్టులో బడి ఉంటుంది గాని మబ్బు ఉంటుంది. అయినా మబ్బు విడిచిన ఏడు పాఠశాల ఆవరణలో ఒక కర్ర పాతితే సరిపోతుంది, ఖర్చు లేని ప్రయోగం.

దక్కను పీఠభూమి, నదీ పరీవాహక ప్రాంతం అన్న మాటలకు కూడ ఇక్కడ అర్థం దొరుకుతుంది. పశ్చిమాన బంజారా హిల్స్ రాతి గుట్టలు ఎత్తుగా ఉంటాయి. అక్కడ నుండి నేల తూర్పుగా హుస్సేన్ సాగర్ వైపు వాలుతుంది. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో తవ్వించిన ఆ చెరువులోకి కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ అనే నాలుగు నాలాలు కలుస్తాయి. గుట్టలు, తోటలు ఉన్న కాలంలో వాననీటిలో కొంత నేలలోకి ఇంకేది. నేల అంతా సిమెంటుతో కప్పబడిన తరువాత ఆ నీరు వీధులవెంట పారి పల్లంలో నిలుస్తుంది. గట్టి వాన పడినప్పుడు అమీర్‌పేట మైత్రీవనం వద్ద మోకాటిలోతు నీరు నిలవడం నగరవాసులకు అనుభవమే. వాన ఎక్కువ పడడం భౌగోళిక విషయం. నీరు పోయే దారి మూసుకుపోవడం పరిపాలనా విషయం. ఇంటి అద్దె తక్కువని పల్లపు వీధిలో ఉండేవారికే నష్టం ఎక్కువ కావడం ఆర్థిక విషయం. నాలుగు శాస్త్రాలను ఒక పుస్తకంగా ఎందుకు కలిపారో ఈ ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది.

సేవలు, వలసలు

సాంఘిక శాస్త్రంలో అమీర్‌పేటకు అన్నిటికంటె దగ్గరైన పాఠాలు ఇవి. వ్యవసాయం, పరిశ్రమలు, సేవలు అనే మూడు రంగాలలో సేవారంగం అన్నదే పిల్లలకు అంతుపట్టనిది, ఎందుకంటే అందులో తయారైన వస్తువేదీ చేతికి రాదు. 1990ల చివరి నుండి అమీర్‌పేటలో పెరిగినది అచ్చంగా ఈ రంగమే. హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ కట్టించిన మైత్రీవనం, స్వర్ణజయంతి భవనాలు, వాటి వెనుక ఆదిత్య ఎన్‌క్లేవ్ సందులు శిక్షణ సంస్థల బోర్డులతో నిండిపోయాయి. కంప్యూటరు భాష నేర్పేవాడు అమ్మేది పాఠం. ఆ పాఠం చుట్టూ హాస్టళ్ళు, మెస్సులు, టిఫిన్ బండ్లు, జిరాక్సు కొట్లు, పాత పుస్తకాల అంగళ్ళు వెలిశాయి. హాస్టళ్ళు పక్కనున్న సంజీవరెడ్డి నగర్ దాకా వ్యాపించాయి.

పదవ తరగతిలోని "ఉత్పత్తి, ఉపాధి" పాఠంలో స్థూల దేశీయోత్పత్తిని లెక్కించే పద్ధతి ఉన్నది. అది చాలామందికి కొరుకుడు పడదు. టిఫిన్ బండితో చెబితే సులభం. రైతు 30 రూపాయలకు వడ్లు అమ్మాడనుకుందాం. మిల్లు యజమాని వాటిని బియ్యం చేసి 45కు అమ్మాడు. బండివాడు ఆ బియ్యంతో ఇడ్లీ వేసి 80 రూపాయలు రాబట్టాడు. మూడింటినీ కూడి 155 అనరాదు, వడ్ల విలువ మూడుసార్లు లెక్కకు వస్తుంది. రైతు చేర్చినది 30, మిల్లు చేర్చినది 15, బండివాడు చేర్చినది 35. మొత్తం 80, చివరి ఇడ్లీ ధర ఎంతో అంతే. (మినప్పప్పు, గ్యాసు సంగతి ఇక్కడ పక్కన పెట్టడమైనది.) ఇందులో మరొక మెలిక కలదు. హాస్టలు మెస్సులో వంటమనిషి వండిన అన్నం దేశీయోత్పత్తిలో చేరుతుంది. అదే అన్నం ఇంటిలో తల్లి వండితే చేరదు. తరగతిలో ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు "అదేమి న్యాయం" అని అడగకపోతే పాఠం సరిగా చెప్పలేదనుకోవాలి.

బండివాడు అసంఘటిత రంగానికి చెందినవాడు. సెలవు, పింఛను, ఉద్యోగ భద్రత అతనికి లేవు. వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణకు 2014లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ప్రతి పట్టణంలోను వ్యాపారుల ప్రతినిధులతో కూడిన కమిటీ ఉండాలి, సర్వే చేసి ధ్రువపత్రాలు ఇవ్వాలి. రోడ్డు వెడల్పు కావాలనేవారు, కాలిబాట కావాలనేవారు, బండి పెట్టుకోనివ్వమనేవారు ముగ్గురూ ఒకే పది అడుగుల స్థలం కొరకు పోటీ పడడం అమీర్‌పేట కూడలిలో నిత్యం చూడవచ్చును. పుస్తకంలోని "సమానత - సుస్థిర అభివృద్ధి" పాఠంలో పెద్ద ఆనకట్టలు, వాటివలన నిర్వాసితులైనవారి ఉదాహరణలు ఉన్నవి. అవి అవసరమే. కాని నగరపు పిల్లవానికి ఈ పది అడుగుల తగాదా ఎక్కువ బోధపడుతుంది.

వలసల పాఠంలో ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి ఉన్నది: జనగణన లెక్కల ప్రకారం దేశంలో వలస వెళ్ళినవారిలో ఎక్కువమంది స్త్రీలు. కారణం పెళ్ళి. ఉద్యోగం కొరకు వెళ్ళేవారిలో మాత్రం పురుషులది పైచేయి. ఇక మూడు నెలల కోర్సుకు వచ్చి, హాస్టలులో ఉండి, మరో ఊరికి ఉద్యోగానికి పోయే యువకుడు జనగణనలో అమీర్‌పేటకు వలస వచ్చినవానిగా కనిపించకపోవచ్చును. కొద్దికాలపు వలసలను పట్టుకోవడం జనగణనకు కష్టమని పుస్తకమే చెబుతుంది. 2011 జనగణనలో 217 చదరపు కిలోమీటర్ల హైదరాబాదు జిల్లా జనాభా 39 లక్షల 43 వేలు. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడినందున ఈ పాఠాలు చాలాకాలం 2011 అంకెలతోనే నడిచాయి.

ఇదే పుస్తకంలో "రాంపురం" అనే గ్రామ ఆర్థిక వ్యవస్థ పాఠం ఉన్నది. ఆ ఊరు ఉత్తర ప్రదేశ్‌లోనిది. భూమి, కూలి, అప్పు, మిగులు అన్న భావనలు దానిలో చక్కగా వివరించబడినవి. ఐతే తెలంగాణ పల్లె ఏదైనా తీసుకొని ఉంటే తాతగారి ఊరితో పోల్చుకొనే వీలు పిల్లలకు ఉండేది. ఉపాధ్యాయులు కొందరు ఆ పని తామే చేస్తుంటారు.

చరిత్ర

తెలంగాణ చరిత్రకు సంబంధించిన పాఠాలు ఎనిమిదవ తరగతిలో ఉంటాయి. నిజాం పాలనలో భూస్వాములు, కౌలుదార్లు, హైదరాబాదు రాష్ట్రంలో స్వాతంత్ర్యోద్యమం అందులో ఉన్నవి. 1948 సెప్టెంబరు, 1952 ముల్కీ ఆందోళన, 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం వంటి ఘట్టాల మీదుగా ఈ కథ రాష్ట్ర ఏర్పాటు వరకు వస్తుంది. 2014 జూన్ 2 తరువాత పదవ తరగతి పుస్తకంలో తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ఉద్యమంపై ఒక పాఠం చేర్చబడినది. ఈ పాఠంలోని ఒక ముఖ్య ఘట్టం పంజాగుట్టలో జరిగినదే. 2009 నవంబరు 29న నిరాహారదీక్షకు బయలుదేరి అరెస్టయిన కె. చంద్రశేఖరరావును మొదట ఖమ్మంలో ఉంచి, తరువాత పంజాగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు (నిమ్స్) తరలించారు. డిసెంబరు 9 రాత్రి కేంద్ర హోం మంత్రి పి. చిదంబరం ప్రకటన వెలువడిన పిమ్మట ఆయన దీక్ష విరమించినది ఆ ఆసుపత్రిలోనే. నిన్న మొన్నటి సంగతిని చరిత్రగా చెప్పడం ఉపాధ్యాయునికి కత్తిమీద సాము. తరగతిలోని పిల్లల తల్లిదండ్రులు ఆ రోజులలో ఇటో అటో నిలబడినవారు. అటువంటి ఇళ్ళ పిల్లలు అమీర్‌పేట బడులలో పక్కపక్కనే కూర్చుంటారు. ఒక సంఘటనకు పలు కోణాలు ఉంటాయని, ఆధారం ఏమిటని అడగాలని చెప్పడమే చరిత్ర బోధన అయితే, అందుకు ఇంతకంటె తగిన పాఠం లేదు.

ఊరి పేర్లు కూడ చరిత్రకు ఆధారాలే. అమీర్ అన్నది అరబ్బీ నుండి వచ్చిన మాట, పేట తెలుగు. పంజా పారసీ-ఉర్దూ మాట, గుట్ట తెలుగు. పంజాగుట్ట పక్కనే ఉన్న ఇర్రం మంజిల్ పేరు మరీ చిత్రమైనది. నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఆ భవనం ఎర్రమట్టి గుట్టపై ఉన్నందున "ఎర్ర" అన్న తెలుగు మాటను, స్వర్గవనం అనే అర్థమిచ్చే పారసీ "ఇరం"ను కలిపి శ్లేషగా పేరు పెట్టారని చెబుతారు. పుస్తకంలో "మిశ్రమ సంస్కృతి" అని ఒక వాక్యంలో చెప్పిన దానిని బస్సు బోర్డులే చెబుతున్నాయి.

పౌరశాస్త్రం

ఇర్రం మంజిల్ పౌరశాస్త్రానికి కూడ ఉదాహరణ. 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఆ స్థలంలో కొత్త శాసనసభా భవనం కట్టదలచి జూన్ 27న శంకుస్థాపన చేసింది. పాత భవనాన్ని కూల్చరాదని పలువురు ఉన్నత న్యాయస్థానంలో ప్రజాప్రయోజన వ్యాజ్యాలు వేశారు. అదే ఏడాది సెప్టెంబరు 16న న్యాయస్థానం మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది. శాసన నిర్మాణ, కార్యనిర్వాహక, న్యాయ శాఖల మధ్య అధికారాల విభజన గురించి పుస్తకాలు పేజీలకొద్దీ చెబుతాయి. మంత్రివర్గం శాసనసభకు భవనం కట్టాలనుకొనగా న్యాయస్థానం ఆపడంలో మూడు శాఖలూ ఒకేచోట కనబడుతున్నవి. ఎవరు ఒప్పు అన్నది విద్యార్థులు వాదించుకోదగిన విషయం, ఎందుకంటే రాజధానికి కొత్త భవనాలు అవసరమన్న వాదన కూడ అర్థం లేనిది కాదు.

స్థానిక ప్రభుత్వాల పాఠాలు ఆరవ తరగతిలోనే వస్తాయి. హైదరాబాదు జిల్లా మొత్తం నగరమే కావడంతో ఇక్కడ గ్రామ పంచాయతీ గాని జిల్లా పరిషత్తు గాని లేవు. అమీర్‌పేట రెవిన్యూ లెక్కలలో ఒక మండలం, కాని దానికి మండల పరిషత్తు లేదు. ఇక్కడి బాలలు గ్రామసభ గురించి చదువుతారు, చూడరు. వారికి వర్తించేది నగరపాలక సంస్థ. 2007 ఏప్రిల్‌లో పాత హైదరాబాదు నగరపాలక సంస్థతో చుట్టుపక్కల 12 పురపాలక సంఘాలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి మహానగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. 2009, 2016, 2020లలో దానికి జరిగిన మూడు ఎన్నికలలోను ఓటర్లలో సగం మంది కూడ ఓటు వేయలేదు. చదువు ఎక్కువగా ఉన్న కాలనీలు ఇందుకు మినహాయింపు కాదు. ఎన్నికల పాఠం బాగా వచ్చిన విద్యార్థిని కూడ "మీ కార్పొరేటరు ఎవరు, మీ వీధి ఏ నియోజకవర్గంలోనిది" అని అడిగితే తడబడడం మామూలే. అమీర్‌పేట ప్రధానంగా సనత్‌నగర్ శాసనసభ నియోజకవర్గంలోను, పంజాగుట్ట ఖైరతాబాదు నియోజకవర్గంలోను ఉన్నవి. రెండూ సికింద్రాబాదు లోక్‌సభ స్థానంలోకి వస్తాయి.

పదవ తరగతి చివరి పాఠాలలో ఒకటి "పౌరులు, ప్రభుత్వాలు". 2005 నాటి సమాచార హక్కు చట్టం, న్యాయ సేవా సంస్థలు, లోక్ అదాలత్‌లు అందులో వివరించబడినవి. సమాచారం కోరుతూ దరఖాస్తు వ్రాస్తే సాధారణంగా 30 రోజులలో జవాబు ఇవ్వాలన్నది చట్టం. పరీక్షలో దీనిపై వ్యాసరూప ప్రశ్న వస్తుంది. దరఖాస్తు వ్రాయించి చూడడం చాలా తక్కువ.

రాజ్యాంగ ప్రవేశిక విషయంలో 2023 జూన్‌లో ఒక వివాదం తలెత్తింది. ఆ ఏడు ముద్రించిన తెలంగాణ పదవ తరగతి సాంఘిక శాస్త్ర పుస్తకం అట్టపై ప్రవేశిక పాత ప్రతి అచ్చయింది. 1976లో 42వ సవరణ ద్వారా చేరిన "సామ్యవాద", "లౌకిక" అన్న మాటలు అందులో లేవు. ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం తెలిపాయి. పొరపాటున జరిగినదని పుస్తకం వెలువరించిన సంస్థ తెలిపింది. మంచి ఉపాధ్యాయునికి ఇది దొరకని అవకాశం. 1950 నాటి ప్రతి, 1976 తరువాతి ప్రతి పక్కపక్కన పెట్టి, ఏ మాట ఎప్పుడు, ఎందుకు వచ్చిందని అడిగితే ఒక గంట పాఠం అవుతుంది.

పరీక్ష

కొత్త పుస్తకాలతో పాటు ఆరు విద్యా ప్రమాణాలు నిర్ణయించబడినవి: విషయావగాహన, ఇచ్చిన అంశాన్ని చదివి వ్యాఖ్యానించడం, సమాచార నైపుణ్యాలు, సమకాలీన అంశాలపై ప్రతిస్పందించి ప్రశ్నించడం, పట నైపుణ్యాలు, ప్రశంస-సున్నితత్వం. ప్రశ్నపత్రంలో వీటన్నిటికీ వాటా ఉంటుంది. పుస్తకంలోని వాక్యాన్ని ఉన్నదున్నట్లు వ్రాస్తే పూర్తి మార్కులు రాకూడదన్నది ఉద్దేశం. 2014-15 నుండి వ్రాత పరీక్షకు 80, బడిలోనే ఇచ్చే అంతర్గత మూల్యాంకనానికి 20 మార్కులుగా విభజించారు. కోవిడ్ తరువాత తెలంగాణలో పదవ తరగతి 11 పేపర్లను 6కు తగ్గించడంతో, 2022 నుండి సాంఘిక శాస్త్రం రెండు పేపర్లు ఒకటయ్యాయి.

ఉద్దేశం మంచిదే. కాని గైడ్లు దానికంటె వేగంగా మారాయి. "ప్రతిస్పందించండి" అన్న ప్రశ్నకు కూడ అచ్చువేసిన ప్రతిస్పందన దొరుకుతుంది, విద్యార్థులు దానిని వల్లె వేస్తారు. ప్రాజెక్టు పనికి పేట వీధులలో తిరిగి పదిమందిని ప్రశ్నలు అడగాలని పుస్తకం చెప్పగా, నెట్ సెంటరులో ప్రింటు తీయించి అతికించడం అన్నిచోట్లా ఉన్నదే. తప్పంతా పిల్లలది కాదు. సిలబస్ పూర్తి కావాలి, పునశ్చరణ జరగాలి, జనవరి నుండి ప్రత్యేక తరగతులు ఉంటాయి. మ్యాప్ పాయింటింగ్ ఒక్కటి మాత్రం ఇప్పటికీ నిజమైన అభ్యాసంతోనే వస్తుంది. గోదావరి ఎక్కడ పుట్టి ఎటు పారుతుందో గీయవలసి వచ్చినప్పుడు గైడు పనిచేయదు.

పాఠాల భాష

తెలుగు మాధ్యమంలో సాంఘిక శాస్త్రపు పెద్ద ఇబ్బంది పారిభాషిక పదాలు. శిలావరణం, స్థూల దేశీయోత్పత్తి, సార్వభౌమాధికారం, ద్రవ్యోల్బణం వంటివి సంస్కృతం నుండి కట్టిన పదాలు, ఇంటిలో వినబడవు. ఐతే వీటికి ఒక సుగుణం ఉన్నది. శిల, ఆవరణం అన్న రెండు మాటలు తెలిసినవానికి శిలావరణం అర్థం కావడానికి నిఘంటువు అక్కరలేదు. "లిథోస్పియర్" అని నేర్చుకొన్న తెలుగు పిల్లవానికి ఆ సౌకర్యం లేదు, ముక్కలు విడదీసినా గ్రీకే మిగులుతుంది. మరోవైపు "ధరలు పెరగడం" అని చెబితే పోయేదానికి కొన్ని పాఠాలలో "ద్రవ్యోల్బణ ధోరణులు" అని వ్రాయడం వలన పుస్తకం బిగుసుకుపోయింది.

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 నుండి ఒకటి నుండి ఎనిమిది తరగతుల వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టి, ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లం ఉండే ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. లెక్కలలో భాష మారితే అంకె మారదు. సాంఘిక శాస్త్రం అటువంటిది కాదు, అది పూర్తిగా వాక్యాలపై నడిచే విషయం. కారణం చెప్పడం, పోల్చడం, విభేదించడం అన్నవి బాగా వచ్చిన భాషలోనే సాధ్యం. ఇంటిలో తెలుగు, వీధిలో ఉర్దూ-హిందీ, బడిలో ఆంగ్లం వినే పంజాగుట్ట బాలిక మూడింటిలో దేనిలో వాదించగలదో ఉపాధ్యాయుడు కనిపెట్టవలసి ఉంటుంది. తరగతిలో చర్చ తెలుగులో జరిగి, జవాబు ఆంగ్లంలో వ్రాయించడం చాలాచోట్ల కనబడే మధ్యేమార్గం.

పదవ తరగతి తరువాత

ఇంటర్మీడియట్‌లో సి.ఇ.సి., హెచ్.ఇ.సి. వంటి గ్రూపులు తీసుకొనేవారే పౌరశాస్త్రం, అర్థశాస్త్రం, చరిత్రలలో కొన్నిటినైనా కొనసాగిస్తారు. ఎం.ఇ.సి.లో అర్థశాస్త్రం ఉంటుంది. ఎం.పి.సి., బై.పి.సి. వారికి ఏదీ ఉండదు. వారిలో కొందరు డిగ్రీ అయిన తరువాత మళ్ళీ ఇదే శాస్త్రం ముందు కూర్చుంటారు. గ్రూప్-1, గ్రూప్-2, ఉపాధ్యాయ నియామక పరీక్షలు వ్రాసేవారు ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల సాంఘిక శాస్త్ర పుస్తకాలను వెదికి కొని, మొదటి పుట నుండి చదువుతారు. పదిహేనేండ్లప్పుడు చిరాకు పెట్టిన రాజ్యాంగ అధికరణలు పాతికేండ్లప్పుడు ఉద్యోగానికి ఆధారమవుతాయి. ఇంజనీరింగు విద్యార్థుల కొరకు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2018 నాటి నమూనా పాఠ్య ప్రణాళికలో "భారత రాజ్యాంగం"ను తప్పనిసరి విషయంగా చేర్చింది. అయితే దానికి క్రెడిట్లు లేవు.